కొత్త కిడ్నీ, పాత ఎండ

కిడ్నీ మార్పిడి చరిత్ర చర్మంతో మొదలైంది. 1954లో బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రిచర్డ్ హెరిక్ అనే యువకుణ్ని చేర్చారు. రెండు కిడ్నీలూ పాడైపోయి చావుకు దగ్గరైన మనిషి. కవల సోదరుడు రొనాల్డ్ తన కిడ్నీ ఒకటి ఇస్తానన్నాడు. వాళ్లు ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలా, లేక ఒకే కాన్పులో పుట్టిన మామూలు అన్నదమ్ములా అన్నది ముందు తేలాలి. డాక్టర్లు ఇద్దరి వేలిముద్రలూ పోల్చి చూశారు. అదీ చాలదనిపించి, ఒకరి ఒంటి మీది చర్మం ముక్కను మరొకరికి అతికించారు. అది ఊడలేదు. డిసెంబరు 23న జోసెఫ్ మర్రే కిడ్నీ అమర్చారు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు. విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడిగా వైద్యలోకం దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

మర్రే ప్లాస్టిక్ సర్జన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఒళ్లు కాలిన చార్లెస్ వుడ్స్ అనే పైలట్‌కు పరాయివాళ్ల చర్మం కప్పి ప్రాణం నిలబెట్టిన వైద్యుల్లో ఆయన ఒకరు. అలా కప్పిన చర్మం కొంతకాలం నిలిచి, తర్వాత నెమ్మదిగా రాలిపోవడం చూశాకే అవయవ మార్పిడి మీద ఆయనకు ఆసక్తి పుట్టింది. అదే కాలంలో గ్లాస్గోలో పీటర్ మెడవార్ కూడా ఒక కాలిన రోగిని గమనిస్తున్నారు. పరాయి చర్మం మొదటిసారి అతికించినప్పుడు కొన్నాళ్లు నిలిచింది. అదే దాత చర్మాన్ని రెండోసారి అతికిస్తే ఇంకా తొందరగా ఊడింది. ఒళ్లు మొదటి పరిచయాన్ని గుర్తు పెట్టుకుందన్నమాట. ఈ తిరస్కారమంతా రోగనిరోధక వ్యవస్థ పనేనని దాంతో రుజువైంది.

అంటే పరాయి అవయవాన్ని ఒళ్లు ఎందుకు ఒప్పుకోదో మనకు నేర్పింది చర్మమే. ఆ పాఠం ఆధారంగా మందులు తయారుచేసి, లక్షలమందికి కిడ్నీలు మార్చాం. ఆ మందులు వేసుకుంటూ పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు హాయిగా బతికినవాళ్లలో ఎక్కువగా దెబ్బతిన్నది కూడా చర్మమే. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే ఈ ప్రమాదంలో చాలా భాగం తప్పించుకోగలిగినదే.

కావలిని నిద్రపుచ్చిన మందులు

హెరిక్ సోదరులకు ఏ మందూ అవసరం పడలేదు. కవలలు కాని మామూలు మనుషుల సంగతి వేరు. మన రక్తంలో తిరిగే టి-కణాలు ఊరి కావలివాళ్ల లాంటివి. ప్రతి కణం గుమ్మం దగ్గరా ఆగి, పైకి కనిపించే ప్రోటీన్ గుర్తులు చూసి, మనదో కాదో తేల్చుకుంటాయి. పరాయిదైతే చంపేస్తాయి. కొత్త కిడ్నీ నిలవాలంటే ఈ కావలిని నిద్రపుచ్చాలి.

మొదట అందివచ్చింది అజాథయోప్రిన్. అమెరికాలో జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకుల నకళ్లు సృష్టిస్తున్న రోజులవి. కణం నకలును అసలని భ్రమపడి వాడుకుంటే దాని విభజన ఆగిపోతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లానికి నకళ్లు తయారుచేయించి బాల్యపు లుకేమియాకు తొలి మందు అందించిన దారి కూడా ఇదే. చురుగ్గా విభజన చెందే టి-కణాలను అజాథయోప్రిన్ అణచగలదని రాయ్ కాన్ కుక్కల మీద చూపించారు. 1960ల్లో దానికి స్టెరాయిడ్‌ను జోడించాక, కవలలు కానివాళ్ల కిడ్నీలూ, చనిపోయినవాళ్ల నుంచి తీసిన కిడ్నీలూ నిలబడటం మొదలైంది. తర్వాత నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్, జపాన్‌లోని త్సుకుబా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ వచ్చాయి. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీలో తొలి విజయం దక్కింది. ఈనాడు కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఏ ఇంట్లో చూసినా మందుల డబ్బాలో టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ అన్న మూడు పేర్లు సాధారణంగా కనిపిస్తాయి.

కావలి నిద్రపోతే ఊళ్లోకి ఎవరెవరు వస్తారన్న ప్రశ్న మొదట్లో సూక్ష్మక్రిముల గురించే అడిగారు. అందులో తప్పేం లేదు, తొలినాటి రోగుల్లో చాలామందిని బలిగొన్నవి ఇన్ఫెక్షన్లే. 1968లో డెన్వర్‌లో ఇజ్రాయెల్ పెన్ అనే సర్జన్ మరో లెక్క మొదలుపెట్టారు. మార్పిడి రోగుల్లో ఎక్కడ క్యాన్సర్ బయటపడినా ఆ వివరం తన రిజిస్ట్రీకి పంపమని కోరారు. ఆ రిజిస్ట్రీ నిండుతున్నకొద్దీ ఒక సంగతి తేటతెల్లమైంది. పెరిగిన క్యాన్సర్లలో చర్మానివి ముందువరసలో ఉన్నాయి. 1971లో సిడ్నీ డాక్టర్లు లాన్సెట్ పత్రికలో తమ రోగుల గురించి ఇదే రాశారు.

అసలు తీవ్రత తెలియడానికి ఇంకా కాలం పట్టింది, ఎందుకంటే ఈ జబ్బుకే కాలం కావాలి. 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు కిడ్నీ మార్పిడి జరిగిన పదేళ్లకు పదిశాతం మందికి, ఇరవయ్యేళ్లకు నలభై శాతం మందికి చర్మ క్యాన్సర్ వచ్చినట్టు లెక్కతేల్చారు. 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం నుంచి వచ్చిన అంకెలు ఇంకా భయంకరం. మొదటి ఏడాదికి 7 శాతం, పదకొండేళ్లకు 45 శాతం, ఇరవయ్యేళ్లకు 70 శాతం. క్వీన్స్‌లాండ్ ఎండ మన ఎండ లాంటిది. అక్కడి ప్రజల్లో అధికభాగం మబ్బుల దేశాలైన బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి వెళ్లినవాళ్ల సంతానం. తెల్లటి చర్మం, ఉష్ణమండలపు సూర్యుడు, నిద్రపోయిన కావలి ఒకచోట కలిస్తే ఏమవుతుందో ఆ అంకెలు చెబుతున్నాయి.

అయితే అన్నిరకాల చర్మ క్యాన్సర్లూ ఒకే లెక్కన పెరగలేదు. మామూలు తెల్లజాతి జనంలో ఎక్కువగా వచ్చేది బేసల్ సెల్ క్యాన్సర్. అది నెమ్మది రకం, వచ్చిన చోటు దాటి పాకడం అరుదు. స్క్వామస్ సెల్ క్యాన్సర్ అందులో నాలుగో వంతు ఉంటుందేమో. మార్పిడి రోగుల్లో ఈ వరస తలకిందులైంది. బేసల్ సెల్ రకం సుమారు పదిరెట్లు పెరిగితే, స్క్వామస్ సెల్ రకం అరవై అయిదు నుంచి నూరు రెట్లదాకా పెరిగింది. మెలనోమా పెరుగుదల రెండు నుంచి నాలుగు రెట్లు. పైగా ఈ రోగుల్లో స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఒకటితో ఆగదు. ఒకే మనిషికి ముఖం మీద, చెవి అంచున, మాడు మీద, ముంజేతుల మీద పదులకొద్దీ పుట్టుకొస్తాయి. వాటిలో కొన్ని వేగంగా పెరిగి లింఫు గ్రంథులకు పాకుతాయి. చెవి మీద, పెదవి మీద వచ్చినవి మరీ ప్రమాదం. అన్నిటినీ కావలి లేకపోవడం ఖాతాలో వేస్తే ఈ తేడా అర్థం కాదు. స్క్వామస్ సెల్ రకానికి మాత్రమే అంత ఊతం ఎక్కడిది?

ఎండ రాసిన పాత పద్దు

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో 280 నుంచి 315 నానోమీటర్ల పొడవున్న బి రకం కిరణాలు నేరుగా డీఎన్‌ఏలో ఇంకుతాయి. పక్కపక్కనే ఉన్న రెండు అక్షరాలను అవి ఒకదానికొకటి అతికిస్తాయి. కణం ఆ అతుకును కత్తిరించి, ఖాళీ నింపి సరిచేస్తుంది. రోజూ వేలసార్లు జరిగే పని ఇది, అప్పుడప్పుడూ తప్పిపోతుంది. అలా మిగిలిన తప్పు పి53 లాంటి కీలక జన్యువులో పడితే, చెడిపోయినా చావని కణం తయారవుతుంది.

అలాంటి కణాలు మనలో ఎన్ని ఉంటాయి? 2015లో కేంబ్రిడ్జ్ దగ్గరి వెల్‌కమ్ శాంగర్ సంస్థ పరిశోధకులు, వదులైన కనురెప్పల చర్మాన్ని సర్జరీతో తీయించుకున్న నలుగురి నుంచి ఆ చర్మం తీసుకుని జన్యువులు చదివారు. పైకి చూస్తే అది ఏ మచ్చా లేని ఆరోగ్యమైన చర్మమే. అందులో దాదాపు నాలుగో వంతు కణాలు క్యాన్సర్‌కు దారితీసే మార్పుల్లో కనీసం ఒకటి మోస్తున్నాయి. నడివయసు దాటిన మనుషుల ముఖాల మీద వేలకొద్దీ అనుమానాస్పద కణాల గుంపులు ఉన్నాయన్నమాట. ఇన్ని ఉన్నా క్యాన్సర్ రావడం అరుదు. పక్కనున్న మంచి కణాల ఒత్తిడి ఒక కారణం, తప్పుడు గుర్తులున్న కణాలను వెతికి చంపే కావలి మరో కారణం. ఎండ సృష్టించిన మార్పులు కణాల పైకి కొత్త ప్రోటీన్ ముక్కలను తెస్తాయి కాబట్టి టి-కణాలకు అవి సులువుగా దొరికిపోతాయి.

ఇక్కడే కిడ్నీ రోగి కథ మలుపు తిరుగుతుంది. మార్పిడి జరిగిన రోజున అతని చర్మం కొత్తది కాదు. చిన్నప్పటి నుంచీ పొలంలోనో, సముద్రపు ఒడ్డునో, రోడ్డు పనిలోనో తగిలిన ఎండంతా ఆ చర్మంలో పద్దు రాసి ఉంది. అప్పటిదాకా కావలి అదుపులో పెట్టిన కణాలకు ఆ రోజు నుంచి తెరిపి దొరుకుతుంది. అందుకే అరవయ్యేళ్లప్పుడు మార్పిడి జరిగినవాళ్లకు క్యాన్సర్ తొందరగా రావచ్చు, ఇరవయ్యేళ్ల యువకుడికి ఆలస్యం కావచ్చు. ఆ యువకుడు మందుల మీద గడపాల్సిన ఏళ్లు ఎక్కువ కాబట్టి జీవితం మొత్తమ్మీద చూస్తే అతని ముప్పు చిన్నది కాదు.

ఇంతటితో అయిపోలేదు. కావలిని నిద్రపుచ్చే మందుల్లో కొన్ని స్వయంగా చర్మానికి కీడు చేస్తాయి. అజాథయోప్రిన్ విషయం నాకు తెలిసిన వైద్యకథల్లో అత్యంత విచిత్రమైనది. ఆ మందు ఒంట్లో 6-థయోగ్వానిన్‌గా మారి, నకలు అక్షరంగా డీఎన్‌ఏలో కూర్చుంటుంది. 315 నుంచి 400 నానోమీటర్ల ఎ రకం అతినీలలోహిత కిరణాలను మామూలు డీఎన్‌ఏ పీల్చుకోదు, ఈ నకలు అక్షరం పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్న శక్తితో చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టి చుట్టుపక్కల డీఎన్‌ఏను గాయపరుస్తాయి. 2005లో లండన్‌లో పీటర్ కారన్ బృందం దీన్ని సైన్స్ పత్రికలో వివరించింది. ఈ మందు వాడుతున్నవారి చర్మం ఎ రకం కిరణాలకు మామూలు కన్నా తొందరగా కందిపోతుందని కూడా చూపించింది. బి రకం కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, ఎ రకం అద్దంలోంచి వచ్చేస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా తగిలే వెలుగు అది. 1980ల్లో, 90ల్లో కిడ్నీ మార్పిడి చేయించుకుని ఈ మందు మీద బతికినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. గర్భం కోరుకునే స్త్రీలకు మైకోఫెనోలేట్ శిశువుకు హాని చేస్తుంది కాబట్టి ఈనాటికీ దాని బదులు అజాథయోప్రిన్ ఇస్తారు. అందులో తప్పేమీ లేదు, ఎండ విషయంలో హెచ్చరిక మాత్రం తోడుగా అందాలి.

సైక్లోస్పోరిన్ డీఎన్‌ఏ మరమ్మతును మందగింపజేస్తుంది. ఫంగస్ ఇన్ఫెక్షన్లకు నెలల తరబడి వాడే వొరికొనజోల్ చర్మాన్ని ఎండకు సున్నితం చేసి స్క్వామస్ సెల్ క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. మన దేశంలో మార్పిడి రోగులకు ఫంగస్ బెడద ఎక్కువ కనుక ఆ మందు పేరు ఇక్కడ గుర్తుంచుకోదగ్గది.

ఈస్టర్ ద్వీపపు మట్టి

మందు తగ్గిస్తే క్యాన్సర్ తగ్గుతుందా? 1998లో ఫ్రాన్స్‌లోని నాంట్ నగర వైద్యులు లాన్సెట్‌లో దీనికి సూటిగా జవాబిచ్చారు. 231 మంది కిడ్నీ రోగులను రెండుగా చేసి, ఒక గుంపుకు సైక్లోస్పోరిన్ మామూలు మోతాదులో, రెండో గుంపుకు తక్కువ మోతాదులో ఇచ్చారు. మామూలు మోతాదు గుంపులో 37 మందికి, తక్కువ మోతాదు గుంపులో 23 మందికి క్యాన్సర్లు వచ్చాయి. మొత్తం క్యాన్సర్లలో మూడింట రెండు వంతులు చర్మానివే. ఇక కిడ్నీని ఒళ్లు తిరస్కరించిన సందర్భాలు తక్కువ మోతాదువాళ్లలో తొమ్మిది, రెండోవాళ్లలో ఒకటి. ఈ నాలుగంకెల్లో కిడ్నీ డాక్టరు రోజూ పడే మథన అంతా ఉంది. చర్మాన్ని కాపాడబోతే కిడ్నీ అలుగుతుంది, కిడ్నీని కాపాడబోతే చర్మం.

ఈ ఇరకాటంలోంచి కాస్త దారి చూపించింది పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యనున్న ఈస్టర్ ద్వీపం. 1964లో కెనడా వైద్యబృందం ఒకటి ఓడలో అక్కడికి వెళ్లి మట్టి నమూనాలు తెచ్చింది. మాంట్రియల్‌లోని ఎయర్స్ట్ లాబొరేటరీలో సురేంద్రనాథ్ సెహగల్ ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్న శాస్త్రవేత్త ఆయన. ద్వీపవాసులు తమ నేలను రాపా నుయి అంటారు, దాని మీదుగా ఆ పదార్థానికి రాపమైసిన్ అని పేరు పెట్టారు. ఫంగస్ మందుగా మొదలైన ఆ పరిశోధనను కంపెనీ మధ్యలో ఆపేసింది. మాంట్రియల్ లాబ్ మూతపడినప్పుడు సెహగల్ ఆ సూక్ష్మజీవిని పారేయకుండా కాపాడి, ఇంట్లో ఫ్రీజర్‌లో దాచారు. ఆ పదార్థమే తర్వాత సిరోలిమస్ అనే పేరుతో 1999లో కిడ్నీ మార్పిడికి అమెరికా అనుమతి పొందింది.

ఈ మందు కణాల పెరుగుదలకు కీలకమైన ఒక మీటను ఆపడం ద్వారానే టి-కణాలను అణచివేస్తుంది. అందువల్ల కావలి నిద్రపోయినా క్యాన్సర్ కణానికి మేత తగ్గుతుంది. 2005లో ఇటలీలోని బారి నగర వైద్యులు, కిడ్నీ మార్పిడి తర్వాత చర్మం మీద కపోసి సార్కోమా వచ్చిన 15 మందికి సైక్లోస్పోరిన్ ఆపి సిరోలిమస్ ఇచ్చారు. కపోసి సార్కోమా హెర్పిస్ జాతి వైరస్ ఒకటి రేపే క్యాన్సర్, ఊదారంగు మచ్చలుగా కనిపిస్తుంది. మూడు నెలల్లో 15 మంది చర్మమూ శుభ్రపడింది, కిడ్నీ ఎవరికీ పోలేదు. ఆ ఫలితం చదివినప్పుడు కలిగే ఆనందం వేరు. స్క్వామస్ సెల్ రకంలో అంత నాటకీయంగా జరగలేదు గానీ మేలు ఉంది. 2012లో ఫ్రాన్స్ వైద్యులు, అప్పటికే ఆ క్యాన్సర్ వచ్చిన 120 మందిని రెండేళ్లు గమనించారు. సిరోలిమస్‌కు మారినవాళ్లలో 22 శాతం మందికి, పాత మందుమీదే ఉన్నవాళ్లలో 39 శాతం మందికి కొత్త క్యాన్సర్ వచ్చింది. నోటిపూత, కాళ్లవాపు, ఊపిరితిత్తుల వాపు లాంటి బాధలు పడలేక కొందరు సిరోలిమస్ మానేయాల్సి వచ్చింది. కాబట్టి ఇది అందరికీ ఇచ్చే మందు కాదు. ఎవరికి మార్చాలో, ఎప్పుడు మార్చాలో నెఫ్రాలజిస్టు నిర్ణయించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పి ముందుకు వెళ్లాలి. ఈ అధ్యాయం చదివి ఎవరూ తమంతట తాము ఒక్క మాత్ర కూడా తగ్గించుకోకూడదు. చర్మం మీది క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే చిన్న కోతతో తీసేయవచ్చు. తిరస్కారం పాలైన కిడ్నీ మళ్లీ దొరకడానికి ఏళ్లు పడుతుంది, దొరక్కపోనూవచ్చు.

కావలిని మళ్లీ లేపితే

కావలి ఎంత శక్తిమంతమైనదో చెప్పే సంఘటన ఒకటి స్కాట్లండ్‌లో జరిగింది. 2003లో వైద్యపత్రికకు ఎక్కింది. ఒక దాత రెండు కిడ్నీలనూ ఇద్దరికి అమర్చారు. ఇద్దరికీ మెలనోమా వచ్చింది. ఆరా తీస్తే, దాతకు పదహారేళ్ల క్రితం మెలనోమా తీసేశారని తేలింది. ఆపరేషన్ తర్వాత నయమైందనే అందరూ అనుకున్నారు. నిజానికి కొన్ని కణాలు కిడ్నీలో మిగిలే ఉన్నాయి. పదహారేళ్లపాటు దాత ఒంట్లోని కావలి వాటిని కదలనివ్వలేదు. మందులతో కావలి నిద్రపోయిన ఒంట్లోకి చేరగానే అవి పెరిగాయి. మెలనోమా వచ్చి తగ్గినవారి నుంచి అవయవాలు తీసుకోవడానికి డాక్టర్లు జంకేది ఇందుకే.

మరి ముదిరిన చర్మ క్యాన్సర్‌కు, కావలిని తట్టిలేపే కొత్త ఇమ్యునోథెరపీ మందులు ఇవ్వొచ్చు కదా? 2018లో అమెరికాలో అనుమతి పొందిన సెమిప్లిమాబ్ ముదిరిన స్క్వామస్ సెల్ క్యాన్సర్ మీద బాగా పనిచేస్తుంది. కానీ లేచిన కావలి క్యాన్సర్ ఒక్కదాన్నే చూడదు, కిడ్నీ కూడా కంటబడుతుంది. ఈ రకం మందులు తీసుకున్న మార్పిడి రోగుల్లో పదిమందికి నలుగురి దాకా కిడ్నీ తిరస్కారానికి గురైంది. ప్రాణమా, డయాలిసిసా అన్న ఎంపికను ఒక మనిషి ముందు పెట్టడం చాలా క్రూరమైన స్థితి. 2024లో అమెరికా వైద్యులు 12 మంది రోగులకు సెమిప్లిమాబ్‌తోపాటు సిరోలిమస్ తరగతి మందునూ, విడతలవారీ స్టెరాయిడ్‌నూ కలిపి ఇచ్చి, ఎవరి కిడ్నీ పోకుండా కాపాడగలిగారు. పన్నెండుమంది చిన్న సంఖ్యే, అయినా తలుపు తెరుచుకుంది.

ఆశ పెట్టుకున్న తేలిక దారి ఒకటి మూసుకుపోయింది కూడా. నికోటినమైడ్ అనేది బి3 విటమిన్ రూపం, చవక. ఎక్కువ చర్మ క్యాన్సర్లు వచ్చిన మామూలు మనుషులకు ఇస్తే కొత్త క్యాన్సర్లు 23 శాతం తగ్గాయని 2015లో ఆస్ట్రేలియా పరిశోధన చెప్పింది. దాన్ని 158 మంది మార్పిడి రోగుల్లో పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. ఏ ప్రయోజనమూ కనిపించలేదు. ఇంటర్నెట్‌లో చదివి ఆ మాత్రలు కొనుక్కుంటున్నవాళ్లు ఈ రెండో ఫలితం కూడా తెలుసుకోవాలి.

అన్నిటికన్నా సాదా ఉపాయమే బాగా పనిచేసింది. బెర్లిన్‌లో 60 మంది మార్పిడి రోగులు రెండేళ్లు రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నారు. వాళ్లలో ఒక్కరికీ కొత్త స్క్వామస్ సెల్ క్యాన్సర్ రాలేదు. జాగ్రత్తలు చెప్పించుకుని, సన్‌స్క్రీన్ వాడకాన్ని తమ ఇష్టానికి వదిలేసిన మరో 60 మందిలో ఎనిమిది వచ్చాయి. క్యాన్సర్‌కు ముందు దశ అయిన గరుకు మచ్చలు మొదటి గుంపులో తగ్గాయి, రెండో గుంపులో పెరిగాయి. పాత పద్దు ఎంత ఉన్నా, కొత్త ఎండను ఆపితే ఫలితం ఉంటుందని దీని అర్థం.

మన చర్మం, మన ఎండ

తెలుగువారికి ఇదంతా ఎందుకు అనిపించవచ్చు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. ఆఫ్రికన్ల పైచర్మం సహజంగా ఇచ్చే రక్షణ సన్‌స్క్రీన్ లెక్కల్లో 13 దాకా, తెల్లవారిది 3 దాకా ఉంటుందని ఒక పాత కొలత. మన రంగులు ఆ రెంటి మధ్య ఎక్కడెక్కడో ఉంటాయి. అందుకే క్వీన్స్‌లాండ్ అంకెలు మనకు వర్తించవు. మన ఆసుపత్రుల్లో కిడ్నీ మార్పిడి రోగుల చర్మ సమస్యలంటే ముందు గుర్తొచ్చేవి తామర, శోభి, పులిపిర్లు, సర్పి. క్యాన్సర్ అరుదు.

అరుదు కావడం వల్లే ఆలస్యంగా కనిపెడతాం, నా ఆందోళన అదే. మానని పుండు చూసి మధుమేహం అనుకుంటాం, గట్టిపడిన పులిపిరి చూసి పులిపిరే అనుకుంటాం. మన రంగు మనుషులకు క్యాన్సర్ వచ్చే చోట్లు కూడా వేరుగా ఉండవచ్చు. 2016లో ఫిలడెల్ఫియా వైద్యులు నాలుగువందల పైచిలుకు మార్పిడి రోగుల చర్మాన్ని తల నుంచి కాలిదాకా పరీక్షించి ఫలితాలు రాశారు. నల్లజాతి రోగుల్లో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు ఎక్కువగా ఎండ తగలని చోట్ల, ముఖ్యంగా మర్మాంగాల దగ్గర, పులిపిర్లు రేపే పాపిలోమా వైరస్‌తో కలిసి కనిపించాయి. ఆసియా సంతతి రోగుల్లో మాత్రం ఎండ తగిలే చోట్లే వచ్చాయి. అంటే గోధుమరంగు చర్మానికి మెలనిన్ పూర్తి రక్షణ ఇవ్వదు. మెలనోమా కూడా మన వంటి వాళ్లకు అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంటుంది. బొల్లి మచ్చలున్నవారికి ఆ మచ్చల మీద మెలనిన్ అండ ఉండదన్నది మరిచిపోరాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి తలుచుకోకుండా తెలుగులో కిడ్నీల గురించి రాయలేం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ల కిడ్నీలు దశాబ్దాలుగా పాడవుతున్నాయి. కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మార్పిడి చేయించుకున్న రైతు మళ్లీ వెళ్లేది తోటకే. అతను ఎండలోకి వెళ్లొద్దని రాసే చీటీకి అర్థం లేదు. తలపాగా, మెడకు తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా పెట్టుకోమని, పొద్దున్నే పనిలోకి వెళ్లి పదింటికల్లా నీడకు చేరి మళ్లీ నాలుగు దాటాక వెళ్లమని చెబితే పాటించగలడు. మన పొలాల్లో ఆడకూలీలు చీరమీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని దిగుతారు. చర్మానికి అంతకన్నా మంచి రక్షణ ఏ మందుల షాపులోనూ దొరకదు. ఖరీదైన సన్‌స్క్రీన్ కొనగలిగినవాళ్లు ముఖానికి, చెవులకు, మెడకు రాసుకోవాలి. కొనలేనివాళ్లకు గుడ్డ చాలావరకు ఆ పని చేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే అలవాటు ఇంకా ఉంది. మార్పిడి రోగుల్లో పెదవి క్యాన్సర్ కూడా బాగా పెరుగుతుంది గనక ఆ చుట్ట ముందు మానాలి.

క్వీన్స్‌లాండ్‌లోనో టెక్సాస్‌లోనో స్థిరపడిన మనవాళ్లు కిడ్నీ మార్పిడి చేయించుకుంటే, అక్కడి డాక్టరు ఏడాదికోసారి చర్మ పరీక్షకు పంపుతాడు. ఇక్కడ ఆ ఏర్పాటు చాలాచోట్ల లేదు. దానికి యంత్రమూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. ఒంట్లో ఏ అవయవాన్ని చూడాలన్నా స్కానింగో కెమెరానో కావాలి, చర్మానికి వెలుతురూ కళ్లూ చాలు. నెలకోసారి స్నానం తర్వాత రోగి తానే చూసుకోవాలి. వీపు, మాడు, చెవి వెనక భార్యో భర్తో పిల్లలో చూడాలి. మూడు నాలుగు వారాలైనా మానని పుండు, తాకితే నెత్తురు వచ్చే పొక్కు, అడుగు గట్టిపడుతున్న పులిపిరి, గరుకుగా పొలుసులు లేచి పోనంటున్న మచ్చ, రంగో ఆకారమో మారుతున్న పుట్టుమచ్చ, గోరులో నల్లగా నిలువునా సాగే గీత, ఊదారంగు మచ్చ కనిపిస్తే ఆయింట్‌మెంట్లు మారుస్తూ నెలలు గడపకుండా చర్మ డాక్టరుకు చూపించి బయాప్సీ చేయించుకోవాలి. బయాప్సీ అంటే పప్పుబద్దంత ముక్క తీయడమే.

చూపించడానికి సిగ్గుపడే చోట్లే మన రోగులకు పెద్ద అడ్డంకి. క్రియాటినిన్ ఎంతుందో, టాక్రోలిమస్ స్థాయి ఎంతుందో ప్రతి విడతా చెప్పే పెద్దమనిషి, మర్మాంగం మీది పులిపిరి గురించి అడిగితే తప్ప నోరు విప్పడు. మహిళలైతే అడిగినా మగ డాక్టరుకు చెప్పరు. కాబట్టి అడగాల్సింది డాక్టరే. ఏడాదికోసారైనా తెర వెనక, అవసరమైతే మహిళా డాక్టరో నర్సో ఉండగా, బట్టలు సడలించి అరికాళ్ల నుంచి మాడు దాకా చూడాలి. స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా ఆ రోజే చేయించవచ్చు, రెండుచోట్లా పొంచి ఉండేది ఆ పాపిలోమా వైరస్సే. నెఫ్రాలజీ ఓపీలో జనం ఎంత కిటకిటలాడినా దీనికి పట్టేది పది నిమిషాలు. చూసిన తేదీ, కనిపించిన మచ్చ ఎక్కడుందో, ఎంతుందో రోగి చేతిలోని పుస్తకంలోనే రాసి ఇస్తే, తర్వాత ఏ ఊళ్లో ఏ డాక్టరు చూసినా పోల్చి చెప్పగలుగుతారు.